గోదారి ఎగువన ఇంగ్లీషు చదువు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. నీళ్ల వెంట వరి, వరి వెంట డబ్బు వచ్చాయి. ఆ డబ్బుతో డెల్టా రైతు కోరుకున్నవాటిలో ఇంగ్లీషు బడి ఒకటి. రాజమండ్రి సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ చొరవతో నరసాపురంలో, ఆ తరవాత పాలకొల్లు, పెనుగొండ, ఆచంటల్లో బడులు లేచాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ మీద తామే పన్ను వేసుకుని పంతుళ్ల జీతాలు కట్టారు. నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా గర్వంగా ఉంటుంది. ఇంగ్లీషు చదువు తెల్లదొర మన నెత్తిన రుద్దాడని తేలిగ్గా అనేస్తాం గానీ, ఇక్కడి రైతులు దాన్ని అడిగి, సొంత డబ్బు పెట్టి తెచ్చుకున్నారు.

ఆ నాలుగు ఊళ్లూ కాలవల కిందివి. మా పట్టిసీమ ఆనకట్టకి ఎగువన ఉంది. ఏటి మధ్య వీరభద్రుడి కొండ, వేసవిలో ఇసక తిన్నెలు, గట్టున మెట్ట చేలు. ఆ కాలవ నీళ్లు మాకు లేవు.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. మెట్రిక్యులేషన్ గట్టెక్కితేనే కాలేజీ. దేశభాష పేపరు పోను లెక్కలూ చరిత్రా కూడా ఇంగ్లీషులోనే రాయాలి. రాజమండ్రిలో 1853 నాటి జిల్లా పాఠశాల 1873లో కాలేజీ అయింది. అక్కడ తెలుగు చెప్పిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు అంతకుముందు కోరంగిలో, ధవళేశ్వరంలో ఇంగ్లీషు బడుల ప్రధానోపాధ్యాయులు. గోల్డ్‌స్మిత్ నవలని ఆధారం చేసుకుని రాజశేఖర చరిత్రము రాశారు, షేక్స్పియర్ నాటకాన్ని తెలుగు చేశారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాడికి తెలుగుతో పని తీరిపోతుందనుకునేవాళ్లకి నేను ఆయన్నే చూపిస్తాను.

ఎగువ పిల్లలకి కాలేజీ అంటే రాజమండ్రే. లాంచీ మీద దిగేవారు, లేదా కొవ్వూరు చేరి రైల్లో ఏరు దాటేవారు. 1974లో రోడ్డు వంతెన వచ్చేదాకా అంతే. పూర్వం డబ్బులేనివాళ్లు వారాలు చేసుకుని చదివారు.

1968లో తెలుగు అకాడమీ, ఆ మరుసటేడు ఇంటర్మీడియట్ వచ్చాయి. ఫిజిక్సు, చరిత్ర తెలుగులో చదువుకోవచ్చు. అది మేలే, కాదనను. నా క్లాసులో ఎందరో పేద పిల్లలు దానివల్లే నిలబడ్డారు. కానీ కాకినాడ ఇంజనీరింగు కాలేజీలో పాఠం ఇంగ్లీషులోనే సాగింది. పూర్వం పదకొండేళ్లకే ఎదురైన ఇంగ్లీషు గోడ ఆ తరవాత పదిహేడేళ్లకి ఎదురైంది, అంతే. అప్పటికి పిల్లలు బడి వదిలేశారు, పక్కన మాస్టారు లేరు. త్వరణం అంటే చక్కగా చెప్పగల పిల్లవాడు ఇంగ్లీషు పుస్తకంలో అదే పాఠం ముందు మూగవాడయ్యేవాడు. 2008లో నూజివీడు ట్రిపుల్ ఐటీ పదో తరగతి కాగానే పల్లెటూరి పిల్లల్ని తీసుకుని, ఇంజనీరింగుకి ముందు రెండేళ్లు పీయూసీ పెట్టింది. ఇంగ్లీషుకి అలవాటు పడటానికి ఆ రెండేళ్ల వ్యవధి ఎంత విలువైందో ఇంగ్లీషు మాస్టర్లకి తెలుసు.

నేను కొవ్వూరులో, తరవాత రాజమండ్రిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు వేసవిలో ఇంటర్ పూర్తయిన మా ఊరి పిల్లలు అరుగు మీదకి వస్తారు. మాట్లాడే ఇంగ్లీషు వాళ్లు ఫోన్లో నేర్చుకుంటున్నారు. చదివే ఇంగ్లీషే కష్టం. అందుకని కాలేజీలో రాబోయే పుస్తకమే తెరుస్తాం. పొడుగాటి వాక్యంలో ముందు కర్తని, తరవాత క్రియని పట్టుకోమంటాను. మన క్రియ చివర వస్తుంది గనక, వాళ్ల కళ్లు వాక్యం చివరికి పరిగెడతాయి; అక్కడ అది దొరకదు. పేరా అయ్యాక సారాంశం తెలుగులో నోటితో చెప్పాలి. అది తడబడకుండా వచ్చిందంటే అర్థమైనట్టు. అప్పుడే పుస్తకం మూసి, అదే సంగతి సొంత ఇంగ్లీషులో అయిదారు వాక్యాలు రాయమంటాను. తప్పులు నేనే పక్కన కూర్చుని, ఎందుకు తప్పో తెలుగులోనే చెప్పి దిద్దుతాను.