నగరపదవి – కుటుంబ వారసత్వం: నార్విచ్ మేయర్ జెరెమయా జేమ్స్ కోల్మన్ (1830–1898) జీవితం

కీలక పదాలు: ఇంగ్లండ్ పురపాలన చరిత్ర, నార్విచ్, కోల్మన్ కుటుంబం, జీవితచరిత్ర రచన, స్త్రీల పౌరపదవులు.

1. ఉపోద్ఘాతం:
పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ చరిత్రను లండన్ పార్లమెంటు వైపు నుంచి చదవడం మనకు అలవాటు. ఆ సమాజంలో అధికారం దైనందిన జీవితాన్ని ఎలా నడిపించిందో తెలియాలంటే మాత్రం జిల్లా పట్టణాల మేయర్లను, వారి కుటుంబాలను పరిశీలించాలి. నార్ఫోక్ ప్రాంతపు ముఖ్యనగరమైన నార్విచ్‌లో కోల్మన్ కుటుంబం ఇందుకు తగిన ఉదాహరణ. పౌరపదవి ఒక ఇంటి సంప్రదాయంగా ఎలా మారిందో, అందులో స్త్రీల పాత్ర ఎంతటిదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వంశం, వ్యాపారం:
నార్విచ్‌కు సమీపంలోని స్టోక్ హోలీ క్రాస్ గ్రామంలో జెరెమయా కోల్మన్ 1814లో ఆవపిండి వ్యాపారం ప్రారంభించాడు. సంతానం లేని ఆయన 1823లో సోదరుడి కుమారుడైన జేమ్స్‌ను భాగస్వామిగా చేర్చుకున్నాడు. ఈ జేమ్స్ కుమారుడే జెరెమయా జేమ్స్. 1854లో తండ్రి మరణించేనాటికి ఆయన వయసు 24 ఏళ్లు. తరువాతి సంవత్సరాల్లో ఆయన కర్మాగారాన్ని నార్విచ్ అంచున ఉన్న కారోకు తరలించాడు. అక్కడ నదీమార్గమూ రైలుమార్గమూ అందుబాటులో ఉన్నాయి. ఎద్దుతల వ్యాపారచిహ్నం 1855లో వాడుకలోకి వచ్చింది. 1866లో విక్టోరియా రాణికి సరఫరాదారుగా రాజగుర్తింపు లభించింది.

3. మతం, పదవి:
కోల్మన్లు ఆంగ్లికన్ చర్చికి వెలుపలి ప్రొటెస్టెంటులు. అటువంటివారికి పురపాలక పదవులను చట్టరీత్యా నిషేధించిన టెస్ట్, కార్పొరేషన్ చట్టాలు 1828లో రద్దయ్యాయి. ఏటేటా ఇచ్చే మినహాయింపుల వల్ల అంతకుముందు కొంత వెసులుబాటు ఉన్నా, అది హక్కు కాదు. ఆ రద్దు జరిగిన రెండేళ్లకు జెరెమయా జేమ్స్ జన్మించాడు. ఆయన 1862–63లో నార్విచ్ షెరీఫ్‌గా, 1867–68లో మేయర్‌గా పనిచేశాడు. 1871 నుంచి 1895 వరకు లిబరల్ పక్షాన పార్లమెంటు సభ్యుడిగా ఉన్నాడు. గ్లాడ్‌స్టన్ ఇవ్వజూపిన బారనెట్ బిరుదును నిరాకరించాడు.

4. దాతృత్వమా, ఆధిపత్యమా?
1856లో ఆయన కరోలైన్ కోజెన్స్-హార్డీని వివాహమాడాడు. కార్మికుల పిల్లలకు 1857లో పాఠశాల ఏర్పడింది. 1864లో అది కారోకు మారింది. కార్మికులకు చౌకగా వేడి భోజనం అందించే వంటశాలను కరోలైన్ చూసుకున్నది. 1870ల దశకంలో కర్మాగారంలో ఫిలిప్పా ఫ్లవర్‌డే అనే నర్సును నియమించారు. పారిశ్రామిక నర్సులలో తొలితరానికి చెందినదిగా ఆమెను చరిత్రకారులు గుర్తిస్తారు.

ఈ సదుపాయాల విలువను తక్కువ చేయలేం. అయితే 1867 సంస్కరణ చట్టం పట్టణ కార్మికులలో అనేకులకు ఓటు ఇచ్చింది. రహస్య ఓటింగు మాత్రం 1872లోగాని రాలేదు. 1871లో కోల్మన్ అభ్యర్థిగా నిలిచినప్పుడు ఆయన కార్మికులు బహిరంగంగానే ఓటు వేయవలసి వచ్చింది. జీతమిచ్చేవాడు, పిల్లలకు బడి పెట్టినవాడు, ఓటు కోరేవాడు ఒక్కరే అయినప్పుడు కృతజ్ఞతకూ విధేయతకూ మధ్య హద్దు గీయడం కష్టం. ఒత్తిడి చేసే ఉద్దేశం ఆయనకు లేకపోయినా, ఆ నిర్మాణంలోనే అసమానత ఉన్నది.

5. సంతానం:
ఆ దంపతులకు ఆరుగురు సంతానం. కరోలైన్ 1895లోను, వ్యాధిగ్రస్తుడైన చిన్న కుమారుడు అలన్ 1897లో ఈజిప్టులోను మరణించారు. మరుసటి ఏడు సెప్టెంబరులో తండ్రి కన్నుమూశాడు. నైలు నదిపై అలన్ ప్రయాణించిన పడవ పేరు హాథోర్. అక్కచెల్లెళ్లు ఎథెల్, హెలెన్ 1905లో నార్ఫోక్ జలమార్గాల కోసం నిర్మింపజేసిన విహారనౌకకు అదే పేరు పెట్టారు. పెద్ద కుమార్తె లారా, విశ్వవిద్యాలయ విద్యను సామాన్యులకు చేర్చిన కేంబ్రిడ్జి ఆచార్యుడు జేమ్స్ స్టువర్ట్‌ను వివాహమాడింది. కుమారుడు రస్సెల్ 1901–02లోను, ఫ్లారెన్స్ భర్త, వాస్తుశిల్పి ఎడ్వర్డ్ బోర్డ్‌మన్ 1905–06లోను మేయర్లయ్యారు. తండ్రీకొడుకులు సేకరించిన నార్విచ్ చిత్రకారుల చిత్రాలు నగర మ్యూజియానికి చేరాయి.

1907 చట్టం పురపాలక పదవులకు స్త్రీల అర్హతను గుర్తించింది. 1923లో ఎథెల్ నార్విచ్ లార్డ్ మేయర్ అయింది. బ్రిటన్‌లో ఆ పదవిని అలంకరించిన తొలి స్త్రీ ఆమె. మేయర్ భార్య నిర్వహించే మర్యాదలను చెల్లెలు హెలెన్ నిర్వహించింది.

6. ముగింపు:
తండ్రికి 1828 చట్టం, కుమార్తెకు 1907 చట్టం తలుపు తెరిచాయి. కాని తెరిచిన తలుపు దాటగలిగే సంపదా పలుకుబడీ ఆ ఇంటికి అప్పటికే ఉన్నాయి. 1867–1924 మధ్య ఒకే కుటుంబం నుంచి నలుగురు ఆ పీఠమెక్కడం ఇందుకు నిదర్శనం. తల్లి వంటశాలలో చేసిన శ్రమ దాతృత్వంగా మిగిలింది. కుమార్తె చేసిన సేవకు మాత్రం పదవి పేరు దక్కింది. మరొక అంశం గమనించదగినది. జెరెమయా జేమ్స్ జీవితచరిత్రను 1905లో రాసింది కుమార్తె హెలెనే. కుటుంబం రాసుకున్న చరిత్రలో ఆప్యాయత సహజం. అందులో కార్మికుల గొంతు ఎంతవరకు వినిపిస్తున్నదని అడగడం పరిశోధకుల బాధ్యత. తెలుగులో ప్రముఖుల జీవితచరిత్రలను ఆధారాలుగా వాడుకునే మనకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది.