పుట్టింటి సారెలో చేపపిల్లలు



అన్నం, చేపల పులుసు మన కంచంలో కలుస్తాయి. అవి మడిలోనే కలిసి పెరిగే చోటు ఒకటుంది. చైనాలో హాన్ వంశపు కాలం నాటి సమాధుల్లో మట్టితో చేసిన మడి నమూనాలు దొరికాయి. వాటిలో చేపల బొమ్మలు కూడా ఉన్నాయి. అంటే ఇది దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి మాట.

ఆ దేశపు తూర్పున, జెజియాంగ్ రాష్ట్రంలో చింగ్‌థియెన్ అనే కొండ ప్రాంతం ఉంది. సాగునేల తక్కువ. కొండవాలును మెట్లుమెట్లుగా చదును చేసి వరి వేస్తారు. మనం బంగారుతీగ అనే చేప ఉంది చూడండి, ఆ జాతి చేపనే ఆ మడినీళ్ళలో వదులుతారు. 1200 ఏళ్ళకు పైగా సాగుతున్న అలవాటు ఇది.

ఆ చేప ఊరికే తిరగదు. లేత కలుపు తింటుంది. దుబ్బులను రాసుకుంటూ పోతే సుడిదోమ నీళ్ళలో రాలుతుంది, దాన్నీ మింగేస్తుంది. బురదను కెలికి గుల్ల చేస్తుంది. దాని పెంట పైరుకు ఎరువు. బదులుగా వరి దానికి మండుటెండలో నీడనిస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇదే కదూ!

ఇంకో ముచ్చట వినండి. మనం ఆడపిల్లను చలిమిడి పెట్టి, సారె ఇచ్చి అత్తవారింటికి పంపుతాం. చింగ్‌థియెన్‌లో చేపపిల్లలను కూడా ఇచ్చి పంపే ఆచారం ఉంది. పుట్టింటి చేప అత్తింటి మడిలో పెరిగి సంతతి పెంచేది. ఆ జాతి నిలవడంలో ఆడవాళ్ళ చెయ్యి కూడా ఉందన్నమాట.

పురుగుమందులు వచ్చాక ఆసియాలో చాలా చోట్ల మడిలో చేప కరువైంది. మందు నీళ్ళలో చేప బతకదు. దోమను తినే సాలీళ్ళూ చస్తాయి, ఆ పైన దోమ మరింత పెరుగుతుంది. ఇండోనేషియా ఈ దెబ్బ తిన్నాకే, 1986లో వరి మీద 57 రకాల మందులను నిషేధించింది.

చింగ్‌థియెన్ పద్ధతిని 2005లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. 2011లో వెలువడిన పరిశోధన ప్రకారం చేపలున్న మడికి పురుగుమందు 68 శాతం, రసాయనిక ఎరువు 24 శాతం తక్కువ సరిపోయాయి. దిగుబడి మాత్రం తగ్గలేదు.

అయితే అక్కడి యువతీయువకులు చాలామంది యూరప్ దేశాలకు వలసపోయారు. గుర్తింపు పత్రం గట్టు వెయ్యదు, మడికి నీళ్ళు కట్టదు. దానికి మనుషులు కావాలి.

చేప ఉన్న మడిలో మందు చల్లాలంటే రైతు చెయ్యి వెనకాడుతుంది. బియ్యంలో రాళ్ళు ఏరడం మనకు అలవాటే. ఆ గింజ ఏ నీళ్ళలో పెరిగిందో కూడా అడగడం అలవాటు చేసుకుందాం.