మీకేటిష్టం?

జర్మన్ పాఠాలు చదువుతూ ఒక ప్రశ్న వద్ద ఆగిపోయాను: "వాస్ ఇస్ట్ డైన్ లీబ్లింగ్స్‌ఎసెన్?" నీకు అన్నిటికన్నా ఇష్టమైన తిండి ఏది అని. "డైన్" అంటే "నీ", చనువున్నచోట వాడేది. గౌరవించవలసినచోట "ఈర్". మన "నీ", "మీ" భేదమే! ఇష్టమైనది పుస్తకమైతే "డైన్ లీబ్లింగ్స్‌బూఖ్", రంగైతే "డైనె లీబ్లింగ్స్‌ఫార్బె". మనం "కు" చేర్చి "నీకేది ఇష్టం?" అంటాం. మా శ్రీకాకుళంలో "నీకేటిష్టం?" ఆ "ఏటి" నోట వచ్చినందుకే చిన్ననాడు బడిలో చీవాట్లు తిన్నాను.

20వ శతాబ్ది తొలినాళ్లలో తెలుగు నేర్చుకుంటున్న పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ దొరకు, పుస్తకాల తెలుగూ జనుల తెలుగూ వేరెందుకన్న సందేహం కలిగింది. ఆ సందేహం మన గిడుగు, గురజాడలను వ్యావహారిక భాషోద్యమానికి పురికొల్పింది. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన "కన్యాశుల్కం" అప్పటికే వాడుకమాటకు పీట వేసింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగువారు సవరల నోటనే వారి భాష నేర్చి, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించారు. నోటిమాటే ఆయనకు గురువు.

జర్మన్ పుస్తకం పరాయివాడినైన నాకు మొదటి పుటల్లోనే స్నేహితుల మాట నేర్పుతోంది. మా బడి మా ఇంటిమాటనే మాన్పించజూసింది. ఇప్పుడు నామోషీ లేకుండా అడుగుతున్నాను: మీకేటిష్టం?