ద్రాక్షతోటలు పోషించిన ధర్మాసుపత్రి

ఇవాళ నేను చెప్పబోయేది ఫ్రాన్సు దేశపు ఎర్ర వైను సంగతి. "మహిళల కార్యక్రమంలో ఈ తాగుడు గోలేమిటమ్మా?" అని మీరు ముఖం చిట్లిస్తారని తెలుసు. నాకూ ఆ వస్తువు మీద మోజేమీ లేదు. కాని ఈ కథలో ఒక ఇల్లాలు వుంది, ఒక ఆసుపత్రి వుంది. కాస్త ఓపిక పట్టండి.

బర్గండీ సీమలో బోన్ అని ఒక చిన్న పట్నం. నూరేళ్ల యుద్ధం చివరి రోజుల్లో అక్కడి జనం దోపిడీలతో, కరువుతో, అంటురోగాలతో అల్లాడిపోయారు. ఆ సీమ ప్రభువుకు మంత్రి అయిన నికొలా రోలిన్, ఆయన భార్య గీగోన్ ద సలాన్ కలిసి 1443లో బీదసాదల కోసం అక్కడ ఆసుపత్రి స్థాపించారు. మంత్రిగారు బాగా వెనకేసుకున్న మనిషే. అంతమందిని బీదవాళ్లను చేసినవాడు వాళ్లకో ఆసుపత్రి కట్టించడం న్యాయమేనని పదకొండవ లూయీ రాజు ఎత్తిపొడిచాడని చెప్పుకుంటారు. పుణ్యం కోసమో, పాపభీతితోనో, మొత్తానికి కట్టించాడు. పొడుగాటి హాలులో రెండు పక్కలా మంచాలు. హాలు చివర ప్రార్థన మందిరం, పడుకున్నచోటి నుంచే రోగులకు ప్రార్థన వినపడేట్టు. 1462లో భర్త పోయాడు. గీగోన్ 1470లో కన్నుమూసింది. ఆమె సమాధి ఆ మందిరంలోనే వుంది.

మరి రోగులకు గంజి, గుడ్డ, మందు రోజూ ఎక్కడినుంచి వస్తాయి? కట్టించడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. అది ఇల్లు నడిపే మనకు ఒకరు చెప్పాలా! అక్కడివాళ్లు ద్రాక్షతోటలు దానం రాసిచ్చారు. 1457లో మొదటి తోట ఇచ్చింది కూడా గీయెమెత్ లెవెర్నియే అనే స్త్రీయే. అలా చేరి చేరి ఇప్పుడు సుమారు 60 హెక్టార్లు, అంటే దాదాపు 150 ఎకరాలు అయ్యాయి.

ఎక్కువగా పండేది పీనో న్వార్ అనే నల్లద్రాక్ష. విచిత్రమేమంటే లోపలి రసానికి రంగు లేదు, రంగంతా తొక్కలోనే. అందుకే తొక్కలతో సహా పులియబెడతారు. మన దోసెలపిండి పొంగినట్టు తొక్కలు పైకి తేలతాయి. వాటిని మళ్లీ మళ్లీ కిందికి నొక్కాలి. ఏమరిస్తే రంగు దిగదు, రుచీ చెడుతుంది. తర్వాత 228 లీటర్ల ఓకు పీపాల్లో పోసి నెలల తరబడి వుంచుతారు.

1859 నుంచి ఆ వైనును బహిరంగంగా వేలం వేస్తున్నారు. ఇప్పుడది నవంబరు మూడో ఆదివారం జరుగుతుంది. 2022లో ధర్మకార్యాల కోసం పెట్టిన ఒకే ఒక్క ఎర్ర వైను పీపా 8,10,000 యూరోలు పలికింది! తాగేవాళ్ల డబ్బుతో రోగుల సేవ తప్పా, ఒప్పా? నాకింకా తేలలేదు. రోగులను 1971లో కొత్త ఆసుపత్రికి మార్చారు, పాత భవనం మ్యూజియమైంది. వేలం సొమ్ము మాత్రం ఆసుపత్రికే. 2015 నుంచి తోటల, వైను తయారీ బాధ్యత చేపట్టినావిడ లూదివీన్ గ్రీవో. ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆమే.

పీపాలకు దాతల పేర్లు పెడతారు. నికొలా పేరుతో ఒక ఎర్ర వైను వుంది, గీగోన్ పేరుతో మరొకటి వుంది.