స్వింగ్ యాక్సిల్

కారు వెనక చక్రాలకు వాడిన ఒక రకం స్వతంత్ర సస్పెన్షన్. ఎడ్మండ్ రుంప్లర్ 1903లో దీనికి పేటెంట్ పొందాడు. ఇందులో డిఫరెన్షియల్ కారు చట్రానికే బిగించి ఉంటుంది. దానికి అటూ ఇటూ ఉన్న ఇరుసులు లోపలి కొసన కీలు మీద పైకీ కిందికీ ఊగుతాయి. చక్రం దగ్గర కీలు ఉండదు కాబట్టి ఇరుసు ఎటు వంగితే చక్రమూ అటే ఒరుగుతుంది. గతుకుల్లో హాయిగానే ఉంటుంది, చిక్కంతా మలుపులోనే.

కారు వేగంగా తిరిగేటప్పుడు బరువు బయటివైపు చక్రం మీద పడుతుంది. టైరుకు రోడ్డు నుంచి అందే పక్కబలం ఏటవాలు ఇరుసు గుండా వెళ్లి కారు వెనక భాగాన్ని పైకెత్తుతుంది. దీన్నే జాకింగ్ అంటారు. వెనక భాగం లేచేకొద్దీ చక్రం అడుగు కారు కిందికి ముడుచుకుపోతుంది, టైరు అంచు మీద నిలిచి పట్టు వదిలేస్తుంది. డ్రైవరు బెదిరి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడా, బరువు ముందుకు జరిగి వెనక భాగం ఇంకా లేస్తుంది.

ఇంజన్ వెనక ఉన్న షెవ్రొలే కోర్వెయిర్‌లో 1960 నుంచి 1964 దాకా ఈ అమరికే ఉండేది. ఈ చిక్కును అదుపులో ఉంచడానికి కంపెనీ ముందు టైర్లకు 15, వెనక టైర్లకు 26 పీఎస్ఐ గాలి పెట్టమంది. గాలి కొట్టేవాడి జ్ఞాపకశక్తి మీద కారు స్థిరత్వాన్ని వదిలేయడం మంచి ఇంజనీరింగ్ అనిపించుకోదు. అమెరికా న్యాయవాది రాల్ఫ్ నాడర్ 1965లో తన పుస్తకంలో ఈ అమరికను ఎండగట్టాడు. అప్పటికే ఆ ఏడాది మోడల్‌లో ఇరుసుకు రెండు కొసలా కీళ్లు వచ్చేశాయి.

మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌దీ స్వింగ్ యాక్సిలే.