ప్లవ నామ సంవత్సరంలో పడవలు

ఏరు దాటించినందుకు పుచ్చుకొనే సొమ్ముకు అమరసింహుడు వారివర్గంలో రెండు పేర్లు చెప్పినాడు: ఆతరము, తరపణ్యము. ఆ దగ్గరలోనే ద్రోణి అన్న మాట కూడ ఉన్నది. మన దోనెకు అదే మూలమంటారు. తెప్పకు ఉడుపము, ప్లవము, కోలము అని మూడు పేర్లు. ఈ ప్లవమే ప్రభవాది షష్టిలో ముప్పది అయిదవ సంవత్సరం. దానికి ముందుది శార్వరి, అనగా రాత్రి. 2020 మార్చి 25, దేశమంతా తలుపులు మూసుకొన్న తొలి దినం, శార్వరి ఉగాది. పంచాంగ శ్రవణం చేసేవారు ఆనాడు ఆ పేరుకు ఎవరికి తోచిన వ్యాఖ్యానం వారు చెప్పినారు. మరుసటి ఏడు ప్లవ వచ్చినపుడు మాత్రం, ఆ మాటకు అర్థమేమిటని అడిగినవారు నాకు తారసపడలేదు. పడవ పేరుగల సంవత్సరంలో కోనసీమ పడవల గతి ఏమైనదో చెప్పడానికే ఈ వ్యాసం.

గౌతమికీ వసిష్ఠకూ నడుమ, దక్షిణాన సముద్రం హద్దుగా ఉన్న ముక్కోణపు నేల కోనసీమ. వైనతేయ దానిని మరల రెండుగా చీల్చి, అమలాపురాన్ని ఒక ఒడ్డునా రాజోలును మరొక ఒడ్డునా ఉంచింది. వంతెనలు వచ్చే వరకు ఈ సీమలో ఏ దిక్కుకు బయలుదేరినా చివరకు ఒక రేవు తగిలేది. పెళ్ళివారికీ, పురిటికి పోయే ఆడపడుచుకీ, శవానికీ, తాలూకా కచేరీలో వాయిదా ఉన్నవాడికీ అదే రేవు. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటినాక బోడి మల్లన్న’ అన్న సామెత మా పిల్లలకు అర్థం చెప్పనక్కరలేకుండానే తెలిసేది.

రేవు రుసుము కొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రం రెండవ అధికరణంలో నావధ్యక్షుడనే ఉద్యోగికి ఒక అధ్యాయమే కేటాయించినాడు. బరువుతో వచ్చిన మనిషికి ఇంత, ఆవుకు ఇంత, ఒంటెకు ఇంత అని లెక్క కట్టి, మహానదుల మీద అది రెట్టింపు అన్నాడు. బ్రాహ్మణుడు, సన్యాసి, పిల్లవాడు, ముసలివాడు, రోగి, రాజశాసనం మోసేవాడు, గర్భిణి మాత్రం అధికారి ముద్ర చూపి ఊరకే దాటవచ్చు. మనుషులు చాలక, సామగ్రి చాలక, మరమ్మతు లేక పడవ మునిగితే నష్టాన్ని నావధ్యక్షుడే భరించాలని కూడ అక్కడే ఉన్నది. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం మరొక మెట్టు దిగి, పడవవారి తప్పువలన చెడినది పడవవారందరూ కలిసి ఇచ్చుకోవాలనీ, దైవికంగా చెడిన దానికి దండుగ లేదనీ తేల్చింది. యాజ్ఞవల్క్యుడు దాచుకొన్న సొమ్ము విషయంలో రాజదైవికమన్న మాట వాడినాడు. రాజువలన, దైవంవలన పోయినదానికి దాచినవానిని పట్టుకోరాదని భావం. ఈ మాటను చదువరులు గుర్తుంచుకోవలెనని కోరుతున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో నా బడి వైనతేయకు అవతలి ఒడ్డున ఉండేది. ఆనాటి పాటదారు బడిపిల్లల దగ్గర పైసా పుచ్చుకొనేవాడు కాడు. మేష్టర్లకు నెలవారీ లెక్క. అర్థశాస్త్రం అతడు విన్నది కూడ లేదు; తాత నాటినుండి అంతే అనేవాడు. రెండువేల ఏళ్ళనాటి మినహాయింపు ఒకటి అక్కడ చలామణీ అవుతుంటే చూసి నేను కొంత గర్వపడ్డమాట నిజం.

ఇక కాలువల సంగతి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆయన దృష్టిలో కాలువ అంటే సేద్యపు నీరు మాత్రమే కాదు, బాట కూడ. రైలు కంటె కాలువ మేలని వాదించిన మనిషి. డెల్టా మొత్తంలో దాదాపు 500 మైళ్ళ కాలువలు పడవ నడకకు పనికివచ్చేవిగా ఉండేవని పాత లెక్కలు. రహదారి పడవలు రాత్రివేళ బయలుదేరి తెల్లవారేసరికి ఊరు చేర్చేవి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టున మనుషులు తాడు భుజాన వేసుకొని లాగడం. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులను నేడు సినిమా పాటలలో చూసి మురిసేవారు, ఆ తలుపులు పడవలను ఒక మట్టం నుండి మరొక మట్టానికి దించడానికి కూడ కట్టినవని ఎరుగరు.

ఆ పడవలకూ ఏటా ఒక మూత ఉండేది. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేసేవారు. పడవ గట్టెక్కేది. అతుకులలో నార, గుగ్గిలం దట్టించుకోవడం, చాప కుట్టుకోవడం అప్పుడే. వర్షకాలంలో వరద వచ్చినపుడు ఏటి పడవలకు మరొక మూత. రెండింటికీ తుది తెలుసు. కాలువ ఎప్పుడు వదులుతారో ముందే దండోరా వేసేవారు. వరద ఎప్పుడు తీస్తుందో నీటి రంగు చూసి సరంగు చెప్పేవాడు.

1890లో చెన్నపురి ప్రభుత్వం కాలువలకూ ప్రజా రేవులకూ కలిపి ఒక చట్టం చేసింది. పడవకు లైసెన్సు, లాకుల దగ్గర సుంకం, రేవుల మీద వచ్చే రుసుమును గుత్తకు ఇవ్వడం, అన్నిటికీ అందులో ఏర్పాట్లున్నాయి. స్వరాజ్యం వచ్చినా ఆ చట్టం పోలేదు. ఆంధ్ర ప్రాంతపు చట్టంగా పేరు మార్చుకొని నిలిచింది. రేవుల పాట స్థానిక సంస్థల చేతికి వచ్చింది. ఇక్కడ జరిగిన మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గాని, నా దృష్టిలో కథ అంతా దానిలోనే ఉన్నది. తరపణ్యం దాటినవాడు ఇచ్చేది, దాటకుంటే లేదు. పాట సొమ్ము పాటదారు ఇచ్చేది. ఎవరు దాటినా దాటకున్నా ఇవ్వవలసినదే. ధరావతు కట్టి, వేలంలో పైపాట పాడి, ఏడాది మొత్తాన్ని వాయిదాలలో చెల్లించే మనిషి ఏరు ఏడాది పొడుగునా తనకు పని ఇస్తుందని పందెం కాస్తున్నాడన్నమాట.

వంతెనలు ఒక్కొక్కటే ఆ పందేన్ని చెరిపినాయి. యానాం, ఎదురులంకల నడుమ గౌతమి మీద వంతెన 2002లో తెరిచారు. ఆ సంవత్సరమే హెలికాప్టరు ప్రమాదంలో కన్నుమూసిన బాలయోగి పేరు దానికి పెట్టారు. డిండి, చించినాడల నడుమ వసిష్ఠ మీది వంతెన మరొక రేవును తీసుకుపోయింది. మిగిలిన పెద్ద రేవులలో చెప్పుకోదగినవి రెండు: గౌతమి మీద కోటిపల్లి, ముక్తేశ్వరాల నడుమది, వసిష్ఠ మీద సఖినేటిపల్లి, నరసాపురాల నడుమది. బళ్ళను, మోటారు సైకిళ్ళను, కార్లను కూడ ఎక్కించుకొనే పంటు తిరిగేది వీటిమీదనే. కోటిపల్లికి శివరాత్రి, సఖినేటిపల్లికి అంతర్వేది కల్యాణం. ఏడాది పాటలో మంచి భాగం ఆ నాలుగు రోజులలోనే తీరుతుందని పాటదారుల లెక్క.

రేవు పడవలు తగ్గుతున్న కాలంలోనే విహారపు పడవలు వచ్చినాయి. డిండిలో పర్యాటక సంస్థ విడిది, కేరళ తరహా పడవ ఇళ్ళు. ఎగువన పాపికొండలకు లాంచీలు. దాటడానికి కాక ఊరకే తిరగడానికి పడవ ఎక్కడమన్నది మా తరానికి వింత. నిజం చెప్పాలంటే మొదట నాకు నచ్చలేదు. తరువాత చూడగా, రేవులు పోయిన సరంగులు ఆ లాంచీలమీదనే చుక్కాని పట్టుకొని కనిపించినారు. ఆ పని లేకపోతే వారికి ఏరే లేదు.

మహమ్మారికి ముందే ఏటి మీద నీడ పడింది. 2018 జూలై 14న ఐ. పోలవరం మండలం పశువుల్లంక వద్ద నాటు పడవ, కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడింది. అందులో పోయినవారిలో ఎక్కువమంది బడిపిల్లలు. జీవితమంతా బడిలో గడిపినవాడిని. దానిమీద ఇంతకంటె రాయలేను. 2019 సెప్టెంబరు 15న, వరద గోదావరిలో, కచ్చులూరు దగ్గర విహారపు లాంచీ మునిగి యాభైకి పైగా ప్రాణాలు పోయినాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న ఆ లాంచీని బయటికి తీసింది. పాపికొండల పడవలన్నీ ఆగినాయి. 2020 జూన్‌లో తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు ప్రారంభించారు. కౌటిల్యుని నావధ్యక్షుడు మరల ఉద్యోగంలోకి వచ్చినాడనుకొన్నాను. అది కావలసినదే. అయితే అప్పటికి ఏటిమీద కనిపెట్టి చూడడానికి పడవలు లేవు.

ఎందుకనగా మార్చి 25 అప్పటికే దాటిపోయింది. రేవు పాటల కొత్త సంవత్సరం మామూలుగా ఏప్రిల్ 1న మొదలవుతుంది. పాట పాడి, ధరావతు కట్టి, వారంలో పంటు కొత్త లెక్కతో తిప్పవలసిన తరుణంలో రేవులు మూసినారు. నేనెరిగిన పాటదారు ఒకాయన, పేరు చెప్పను, మా అరుగు దగ్గర దూరంగా నిలబడి, మూతికి తువ్వాలు కట్టుకొని, ఒక్క మాట అన్నాడు: ‘‘రేవైతే మూసేరండి మేష్టారూ, పాట మూయలేదండి.’’

యాజ్ఞవల్క్యుని మాట నాకు అప్పుడే తట్టింది. వ్యాధి దైవికం, మూత రాజికం. రెండూ కలిసి వచ్చిన నష్టం ఎవరిది? ఈ ప్రశ్న ఢిల్లీలోనూ పుట్టింది. కేంద్ర ఆర్థిక శాఖ 2020 ఫిబ్రవరి 19ననే, ఈ వ్యాధివలన సరుకుల సరఫరాకు కలిగే ఆటంకాన్ని ప్రకృతి వైపరీత్యంగా ఎంచవచ్చునని ఒక మెమో ఇచ్చింది. రిజర్వు బ్యాంకు మార్చి 27న అప్పుల వాయిదాలకు మూడు నెలల విరామం ప్రకటించి, తరువాత ఆగస్టు చివరకు పొడిగించింది. లాంచీ మీద బ్యాంకు అప్పు ఉన్నవానికి అది కొంత ఊపిరి, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉన్నది. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చినవానికి ఆ ఊపిరి కూడ లేదు. రేవు పాటకు రిజర్వు బ్యాంకుతో సంబంధమే లేదు.

సహాయాల పద్దులలో ఒక విచిత్రం చూడండి. వేట నిషేధ కాలానికి మత్స్యకారులకు పదివేలు ఇచ్చే పథకం 2019 నవంబరు 21న మా ముమ్మిడివరం దగ్గరే మొదలైంది. ఆటో, టాక్సీ సొంతదారులకు మరొక పదివేల పథకం ఉండేది. లాంచీ సరంగు చేపలు పట్టడు గనుక మత్స్యకారుడు కాడు. అతని వాహనానికి చక్రాలు లేవు గనుక రెండవదానిలో ఇమడడు. కులానికి మత్స్యకారులైనవారిలో కొందరు వలకు తిరిగిపోయినారు. మిగిలినవారు కొబ్బరి దింపులకు, కాయ వలుపుకు పోయినారు. అరవై ఏళ్ళు పైబడిన సరంగు ఒకడు చెట్టెక్కలేక, రాశి దగ్గర కాయలు లెక్కపెట్టే పని చేయడం నేను చూసినాను.

దూరదేశాలలో ఇదే ఏడు వేరుగా నడిచింది. మనవారికి మెరీనా అంటే చెన్నపట్టణపు ఇసుక గాని, తెల్లవారి దేశాలలో ఆ మాటకు సొంత పడవలను కట్టివేసే చోటని అర్థం. ఏడాదికింత అని అక్కడ రుసుము. 2020 వసంతంలో వారికీ ఇంటినుండి కదలరాదన్న ఆజ్ఞలు వచ్చి, చూడడానికైనా పోలేని పడవకు రుసుమెందుకన్న తగవు పుట్టింది. పాటదారు అన్నమాటే అది, వేరొక భాషలో. కాని వేసవి వచ్చేసరికి, గుంపుకు దూరంగా ఉండడానికి పడవకు మించినది లేదని జనం ఎగబడినారు. అమెరికాలో ఆ ఒక్క ఏడు మూడు లక్షలకు పైగా కొత్త మరపడవలు అమ్ముడుపోయినాయి. సొంత పడవ గలవానికి మహమ్మారి ఏకాంతం ఇచ్చింది; పదిమందిని ఎక్కించుకొని బ్రతికేవానికి ఆ పదిమందినే తీసివేసింది.

ఆగస్టులో గోదావరి వచ్చింది. ధవళేశ్వరంలో మూడవ ప్రమాద హెచ్చరిక, ఇరవై లక్షల క్యూసెక్కులకు పైగా నీరు. లంకలు మునిగినాయి. అయిదు నెలలుగా ఒడ్డున ఎండి అతుకులు విడిచిన పడవలను హుటాహుటిన తడిపి, నీటిలోకి తోసినారు. పాలు, మందులు, బియ్యం, గొడ్లకు గడ్డి, అన్నీ వాటిమీదనే. ఆ పది రోజులు దూరం పాటించమని ఎవరూ అనలేదు. పి. గన్నవరం వైపు లంకలలో పాయ మీది తాత్కాలిక బాట కొట్టుకుపోతే ప్రతి ఏడూ పడవే దిక్కు; అక్కడివారికి ఓడ మల్లన్న బోడి మల్లన్న కావడానికి అవకాశమే చిక్కదు.

ప్లవ ఉగాది 2021 ఏప్రిల్ 13. ఆ వారంలోనే పాపికొండలకు లాంచీలు కదిలినాయి. పేరు ఫలించిందనుకొంటుండగానే రెండవ అల వచ్చి పడింది. మే 5 నుండి రాష్ట్రంలో పగటి కర్ఫ్యూ. పడవలు మరల గట్టెక్కినాయి. ఆ అలలో మాకు తెలిసిన సరంగులలో ఇద్దరు పోయినారు. లాంచీలు తిరిగి ఏటిలోకి దిగినది నవంబరులో, కార్తిక మాసపు జనంతో. మా పాటదారు మాత్రం ఆ ఏడు పాటకు పోలేదు. పంటు అమ్మి పాత వాయిదాలు తీర్చుకొన్నాడు. కొన్నవాడు అతనినే దానిమీద జీతానికి పెట్టుకొన్నాడు.

శుభకృతు ఉగాది వెళ్ళిన రెండు రోజులకు, 2022 ఏప్రిల్ 4న, అమలాపురం ముఖ్యపట్టణంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. ఆ జూలైలో గోదావరికి 25 లక్షల క్యూసెక్కులు దాటి, 2006 తరువాత అంతటి వరద వచ్చింది. రేవులు మరల మూసినారు. పంటును చెట్టుకు రెండు మోకులతో కట్టి ఒడ్డున కూర్చొన్న మా పాత పాటదారును ఎప్పుడు తెరుస్తారని అడిగినాను. నీళ్ళలోకి చూసి, ‘‘ఎరుపు విరుగుతోందండి, వారం పడద్దండి’’ అన్నాడు.