తుపాకీ గొట్టానికి తుప్పే రంగు

కొల్లేటి చుట్టుపక్కల ఇనుముకు ఆయుష్షు తక్కువ. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే మంచినీరు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలంలో ఆ ఉప్పుటేరే ఉప్పునీటిని వెనక్కి మోసుకొస్తుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు లైసెన్సు మీద తాతల కాలం నుంచి వస్తున్న పన్నెండు బోరు జోడు తుపాకీకి మొదటి శత్రువు ఈ చెమ్మే. గొట్టం వన్నె తగ్గగానే సాన పట్టించి నల్లగా మెరిపిద్దామన్న ఆలోచన రావడం సహజం. కానీ గొట్టం మీది గోధుమ, నలుపు వన్నెలు పైన పూసిన రంగులు కావు. మనిషి అదుపులో పెట్టిన తుప్పు అది. ఆ అదుపు ఎలా వచ్చిందో తెలిస్తే, పాత తుపాకీని కొత్తదానిలా చేయడం చాలాసార్లు దాన్ని చెడగొట్టడమేనని ఒప్పుకోవలసి వస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు పనివాళ్లు ఈ విద్యను బ్రౌనింగ్ అన్నారు. జిడ్డు లేకుండా తుడిచిన గొట్టానికి ఆమ్లం, లోహ లవణాలు కలిసిన ద్రావకం పల్చగా రాసి చెమ్మ గదిలో వదిలేస్తారు. కొన్ని గంటలకు జేగురు రంగు నూగు లేస్తుంది. దాన్ని సన్నతీగల బ్రష్షుతో దులిపి మళ్లీ రాస్తారు. వదులు తుప్పు రాలిపోతుంది, లోహాన్ని కరుచుకున్న పొర మిగులుతుంది. రోజుల తరబడి ఇదే పని. తర్వాతి కాలంలో నూగు లేచిన గొట్టాన్ని మరిగే నీళ్లలో ముంచడం నేర్చుకున్నారు. ఎర్ర తుప్పు ఆ నీళ్లలో మాగ్నటైట్‌గా మారి కళ్లముందే నల్లబడుతుంది. సున్నం ఉన్న నీరైతే మచ్చలు పడతాయి కాబట్టి వాననీళ్లే మేలు. తుపాకీ గుర్రాల (హామర్ల) పక్కనుండే ఇనుప దిమ్మెది వేరే కథ. ఎముకబొగ్గులో పెట్టి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే నీలం, గడ్డిపసుపు, గోధుమ చారలు వస్తాయి. అవి అరిగాక తిరిగి తేవాలంటే దిమ్మెను మళ్లీ కాల్చాలి; కాలిస్తే వంకర పోయే ప్రమాదం ఉంది.

డమాస్కస్ గొట్టాల దగ్గరికి వచ్చేసరికి మనవాళ్లు కాస్త పొరబడతారు, అవి మన ఉక్కు కత్తుల్లాంటివే అనుకుంటారు. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. పాశ్చాత్యులు దాన్నే ఊట్జ్ అన్నారు, ఆ పేరుకు మూలం మన ‘ఉక్కు’ అనే మాటేనంటారు. 1820 ప్రాంతంలో మైకేల్ ఫారడే కూడా దాన్ని పరీక్షించాడు. ఆ ఉక్కు కత్తుల మీది అలలు లోహం గడ్డకట్టేటప్పుడు లోపలే పుట్టినవి. లియేజ్, బర్మింగ్‌హామ్ డమాస్కస్ గొట్టాల మీది సుడులు అలాంటివి కావు: ఇనుము, ఉక్కు కడ్డీలను మెలితిప్పి, చుట్టగా చుట్టి, కొట్టి అతికించినవి. రెండు లోహాలు ద్రావకానికి రెండు రకాలుగా స్పందిస్తాయి కాబట్టే ఆ సుడులు కనిపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ పని దాదాపు ఆగిపోయింది. అలాంటి గొట్టాన్ని బఫింగ్ చక్రానికి అప్పగిస్తే సుడులు మాసిపోతాయి. మళ్లీ నెమ్మదిగా బ్రౌనింగ్ చేసేదాకా వెలికిరావు.

1930ల్లో అందరికీ అందిన వేడి తొట్టె పద్ధతి రోజుల పనిని అరగంటకు దించింది. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాల ద్రావణాన్ని 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగిస్తారు. ఒకే ముక్క ఉక్కుతో చేసిన రైఫిలుకు అది చాలు. జోడు తుపాకీలో మాత్రం రెండు గొట్టాలనూ వాటి మధ్య పట్టీనీ సీసం, తగరం కలిసిన టంకంతో అతుకుతారు. కాస్టిక్ ఆ టంకాన్ని తినేస్తుంది. గొట్టాలు విడిపోకపోయినా, పట్టీ కింద చిక్కిన ఉప్పు తర్వాత మెల్లగా కారుతూ లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. కొల్లేటి గాలికి మంచి నలుపే రక్ష కదా అనవచ్చు. ఏ నలుపూ ఒంటరిగా తుప్పును ఆపదు. ఆ పొర నూనెను పట్టి ఉంచుతుంది, కాపాడేది నూనె. ఎర్ర తుప్పు ఇంకా తింటున్న గొట్టానికి నెమ్మది పద్ధతిలో కొత్త పొర వేయక తప్పదు, నిజమే. అప్పుడైనా ముందు గుంటల లోతు, గోడ మందం కొలవాలి. నలుపు కింద దాగిన గుంట బయటపడి ఉన్న గుంటకన్నా ప్రమాదం.

వేటే లేనప్పుడు ఈ తపన ఎందుకన్న ప్రశ్న ఉంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం, 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించడం కలిసి పరజలకూ గూడబాతులకూ తుపాకీ భయం లేదని తేల్చాయి, మంచిదే. వేట పోయాక తుపాకీకి మిగిలింది దాని చరిత్రే. అది చెక్కడాల్లో, పరీక్ష ముద్రల్లో, అంకెల్లో ఉంది. 1959 ఆయుధాల చట్టం తుపాకీ బాగుచేసేవాడికి లైసెన్సు ఉండాలంటుంది. గుర్తింపు అంకెను చెరిపేయడాన్ని నిషేధిస్తుంది. అత్యుత్సాహంతో తిప్పిన బఫింగ్ చక్రం ఆ అంకెను కూడా అరగదీస్తుంది. అసలు వన్నె ఏదో తెలియాలంటే కొత్త పూత అక్కర్లేదు. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, గొట్టం కింద చెయ్యి పట్టే ముందరి చెక్కను ఊడదీస్తే చాలు: ఎండా చెమటా తగలని ఆ జానెడు మేర, పనివాడు వేసిన గోధుమ వన్నె తరచు అలాగే ఉంటుంది.